తంజావూరు మొక్కు

కొత్తపేట,
16 ఆగస్టు 1998.

వేణీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రాయనిది బద్ధకంతో కాదు. రాస్తే ఒక సంగతి ఖాయం చేసుకునే రాయాలనుకున్నాను. ఖాయమైంది. మనం తంజావూరు వెళ్తున్నాం.

నవ్వకు. వాల్తేరు హాస్టల్లో వంటావిడ పెద్దింట్లమ్మ ఏమనేదో గుర్తుందా? "ఈ పిల్లలు తంజావూరూ ఎల్లరు, నా చారుకి వంకలెట్టడమూ మానరు." నా ఎం.ఏ. పరీక్షలు కాగానే అనుకున్నాం. నా పెళ్ళికి ముందు అనుకున్నాం. తర్వాత అనుకోవడం కూడా మానేశాం. పెద్ద గుడి, కోటలో తాటాకుల మీది తెలుగు పుస్తకాలు, వీణలు చేసే వీధి, కావేరి ఒడ్డున తిరువయ్యారు. మంచం మీద బోర్లా పడుకుని వరసంతా నువ్వు చెబుతూంటే నాకు చూసొచ్చినట్టే ఉండేది. అందుకేనేమో, నిజంగా చూడాలన్న తొందర నాకు కలగలేదు.

ఇంట్లో ఎలా ఒప్పించానో చెబితే తిడతావు. ముందు మా వారితో మామూలుగానే అన్నాను, "వేణీ నేనూ కలిసి నాలుగు రోజులు తంజావూరు చూసొస్తామండీ" అని. ఆయన పేపరు దించకుండానే "పాట వినడానికి అంత దూరమెందుకు? మన రేడియో పాడైందా?" అన్నారు. కోపంతో కాదు, పాపం, నిజంగానే అర్థం కాక. అక్కడితో ఊరుకోవచ్చు, లేదా ఇంకొక్కసారి గట్టిగా అడగొచ్చు. ఆ రెండూ చెయ్యలేదు. వారం పోయాక అత్తయ్యగారి దగ్గర కూర్చుని, కిందటేడు ఆయనకి పచ్చకామెర్లు వచ్చినప్పుడు తిరుపతి మొక్కుకున్నానని చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతున్నారు. చెయ్యి ఆపి నా మొహంకేసి కాసేపు చూసేరు. "మొక్కు ఉంచుకోకూడదమ్మా. వెళ్ళిరా" అన్నారు. అంతే. మొక్కనేసరికి మా వారూ మారుమాట్లాడలేదు. కొండ మీద దర్శనం చేసుకుని, అంతదాకా వెళ్ళాం కదా అని తంజావూరు. అదీ పథకం.

నేను ఏ మొక్కూ మొక్కుకోలేదు వేణీ. దేవుడున్నాడో లేడో తేల్చుకోలేకే ఫిలాసఫీలో చేరినదాన్ని, అందులోనూ తేలలేదని నీకు తెలుసు. ఈ అబద్ధం అత్తయ్యగారికి చెప్పినట్టా, కొండ మీద ఆయనకి చెప్పినట్టా అని మాత్రం ఆలోచిస్తున్నాను.

సరే. నువ్వు బరంపురంలో ఎక్కు, నేను రాజమండ్రిలో అదే బండి ఎక్కుతాను. డిసెంబరు కొబ్బరి దింపు అయిపోతే నాకు ఊపిరాడుతుంది. జనవరి నీకు కుదురుతుందా?

నీ
సత్య

*

బరంపురం,
2 సెప్టెంబరు 1998.

పరమ భక్తురాలు సత్యవాణీ దేవి గారికి,

కుదరడమేమిటే! నాకు అత్తగారు లేరు, మొగుడు లేడు. కాలేజీలో సెలవు చీటీ పడేస్తే నా ప్రయాణం అయిపోయినట్టే. అయినా ఇన్నేళ్ళూ కదల్లేదు చూడు. నువ్వు లేకుండా వెళ్ళడానికి మనసొప్పలేదు. ఇది ప్రేమ అని పొంగిపోకు, నీతో పని ఉంది.

నా వీణ తెస్తున్నాను. నాన్న నరసాపురం నుంచి పడవలో తెచ్చిన వీణే. అంతర్వేది దగ్గర పడవలవాళ్ళింట్లో వీణేమిటని రేవులో అందరూ నవ్వితే, "మా యమ్మాయి వాయిస్తాది, మీరు ఇనండి, అంతే మీ పని" అన్నాడట. వీణ మెట్లు మైనంలో నిలబడతాయి కదా. అక్కడి ఉప్పుగాలికి, ఇక్కడి ఎండకి మైనం కుంగిపోయి మెట్లన్నీ తలోవైపుకి వాలాయి. తంజావూరులో మైనం మార్పించి, అన్నీ మళ్ళీ పెట్టించాలి. పెట్టేవాడు ఒక్కో మెట్టూ పెట్టి, తీగ మీటి, సరేనా అని అడుగుతాడు. సరే అనడానికి నువ్వుండాలి. నీకు పాడడం రాదు, వాయించడం రాదు. కానీ ఎదురు మంచం మీద చదువుకుంటూనే, నేనొక మెట్టు తప్పు నొక్కితే నీ కనుబొమ్మ ముడిపడేది. నీకే తెలియదు. నేను దాన్ని చూసే దిద్దుకునేదాన్ని. మా గురువుగారి కంటే ఆ కనుబొమ్మంటేనే నాకు భయం.

కాబట్టి నువ్వు చీరలు మరిచిపోయినా ఫరవాలేదు, చెవులు మాత్రం మరిచిపోకుండా తెచ్చుకో.

ఇంకొకటి. ఫోన్ చెయ్యకు. ఇక్కడ లైను ఏం బాగుండదు. ఉత్తరమే రాయి. ఉత్తరమైతే మళ్ళీ మళ్ళీ చూసుకోవచ్చు.

నీ
కృష్ణవేణి

*

కొత్తపేట,
24 నవంబరు 1998.

వేణీ,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. టిక్కెట్లు తీయించాను. మా తోటల పని చూసే సత్తిబాబు రాజమండ్రి స్టేషనుకి వెళ్ళి తెచ్చాడు. రెండురోజులు వాటిని తలగడ కింద పెట్టుకున్నాను కూడా, చిన్నపిల్లలా. మూడోరోజు పొద్దున రాయవరం నుంచి మనిషి వచ్చాడు. మా పెదమావయ్యగారు, కనకరాజుగారు, పోయేరు.

పెద్దవారే, మంచం పట్టి చాలాకాలమైంది. బాధ అందుక్కాదు. మా ఇంటిపేరువాళ్ళలో ఎవరు పోయినా ఏడాది తిరిగేదాకా మేం కొండెక్కం. అది మా వంశంలో ఆచారం. పెద్దకార్యం నాడు అరిటాకులు వేస్తుండగా అత్తయ్యగారే నా పక్కకి వచ్చి మెల్లగా అన్నారు: "నీ మొక్కు సంగతి నాకు గుర్తుందమ్మా. ఏడాదెంతలో తిరుగుతాది, చెప్పు? స్వామికి తెలీదా మన ఇబ్బంది?"

స్వామికి తెలిసినంతా ఆవిడకి తెలియదు కదా అనుకున్నాను.

"పోనీ తంజావూరు ఒక్కటీ చూసొస్తానండీ" అన్న మాట గొంతుదాకా వచ్చింది. అక్కడే ఆగింది. మొక్కు తీర్చుకోలేక ఆగిపోయిన మనిషి, ఇంటి పెద్ద పోయిన రెండు నెలలకే, సరదా చూసుకోవడానికి ఎలా వెళ్తుంది? వెళ్తానంటే మొక్కు అబద్ధమని తేలిపోదూ? నేను తలుపు తీయడానికి తయారుచేసుకున్న తాళంచెవితోనే తలుపు మూసుకుపోయింది.

సత్తిబాబు మళ్ళీ రాజమండ్రి వెళ్ళి టిక్కెట్లు రద్దు చేయించుకొచ్చాడు. "ఆయ్, ఇచ్చేసేనండి. కిటికీ పక్క సీటండి. అదొక్కటే మనసుకి కష్టంగా ఉందండి" అన్నాడు. ఈ ఇంట్లో నా బాధ సరిగ్గా చెప్పింది అతనొక్కడే.

కోపం తెచ్చుకోకు. ఏడాదే కదా.

సత్య

*

బరంపురం,
9 ఫిబ్రవరి 1999.

సత్యా,

కోపం లేదు. ఆలస్యంగా రాస్తున్నాను, అంతే. పెద్దాయన పోయినందుకు మీ అందరికీ నా సానుభూతి. మిగిలిన మీ ఇంటిపేరువాళ్ళందరినీ ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమని నా మాటగా చెప్పు. చలిలో తిరగొద్దను. ఆవకాయ తగ్గించమను. వాళ్ళ ఆయుష్షు మీద నాకెంత శ్రద్ధ ఉందో వాళ్ళకి తెలియదు.

తిరువయ్యారు ఉత్సవం రేడియోలో వచ్చింది. పెట్టెకి చెవి ఆనించి విన్నాను. పక్కింటివాళ్ళు గోడ కొట్టారు, సౌండు తగ్గించమని.

ఈ ఏడు నుంచి నాకు క్లాసులు తగ్గించి బోటనీ లాబూ మ్యూజియమూ అప్పగించారు. హాయిగానే ఉంది. ఎండిన మొక్కలు ప్రశ్నలు వెయ్యవు.

ఒకటి అడుగుతాను. తిరుపతి వదిలేసి రాలేవా? వేసవి సెలవుల్లోనైనా? రాలేవని తెలుసు, ఊరికే అడిగాను. అడగలేదే అని తర్వాత అనిపించకుండా.

వేణి

*

కొత్తపేట,
20 నవంబరు 1999.

వేణీ,

ఈ ఉత్తరం రాయడానికి నాలుగుసార్లు కూర్చుని లేచాను. రెండు సంగతులున్నాయి, రెండూ చేదే.

ఏడాది పూర్తి కావస్తోందని పోయిన నెల నుంచే లెక్కపెట్టుకుంటున్నాను. రాయవరంలో పెదమావయ్యగారి సంవత్సరీకానికి బయల్దేరుతూంటే మురమళ్ళ నుంచి కబురు. బుల్లబ్బాయిగారని, మా వారికి నాలుగైదు తరాల అవతల అన్నగారు. నేను ఒక్కసారి కూడా చూడలేదు. చూడని మనిషి కోసం ఏడవడం చేతకాక, నాకోసం నేను ఏడ్చాను. చుట్టాలంతా నాది ఎంత మెత్తని మనసో అనుకున్నారు. మళ్ళీ ఏడాది. మా ఇంటిపేరు ఇంత పెద్దదని పెళ్ళినాడు ఎవరూ చెప్పలేదు.

రెండోది. మీ వైపు తుఫాను వచ్చిందని పేపర్లో చూశాను. వద్దన్నావని తెలిసీ ఫోన్ చేశాను. నువ్వే తీశావు. "వేణీ, నేనే, సత్యని, క్షేమమేనా?" అన్నాను. "ఎవరండీ? ఎవరు?" అన్నావు. నేను ఇంకా గట్టిగా చెప్పాను. పెట్టేశావు. మళ్ళీ చేస్తే తియ్యనే లేదు.

లైను బాగాలేదనుకోవడానికి ప్రయత్నించాను. కానీ నీ గొంతు పక్కగదిలోంచి మాట్లాడినట్టు ఎంతో స్పష్టంగా వినిపించింది. వేసవిలో రమ్మని అడిగావు, నేను జవాబే రాయలేదు. ఆ కోపమేనా? నీ కోపం న్యాయమే. తిట్టు. కానీ నేనెవరో తెలియనట్టు మాట్లాడకే.

సత్య

*

బరంపురం,
6 డిసెంబరు 1999.

సత్యా,

కోపం కాదు. నాకు వినపడదు.

ఎడమ చెవి నువ్వు తంజావూరు వెళ్దామని ఉత్తరం రాయడానికి ముందే పోయింది. కుడిది అప్పుడు బాగానే ఉండేది. పోతుందని, ఎంత కాలంలోనో చెప్పలేమని డాక్టరు అన్నాడు. ముందు పైస్వరాలు పోతాయన్నాడు. అలాగే పోయాయి. వీణ మీద తారస్థాయి మెట్లు నొక్కితే వేలికి తీగ తగులుతుంది, చప్పుడుండదు. ఈ ఏడాదిలో ఆ నిశ్శబ్దం ఒక్కో మెట్టే కిందికి దిగుతూ వచ్చింది. ఇప్పుడు మంద్రం తీగ ఒక్కటే, అదీ గది తలుపులు మూస్తే, వినపడుతోంది. చెవికి మిషను పెట్టారు. ఫ్యాను గాలిని మాత్రం అది బ్రహ్మాండంగా వినిపిస్తుంది. ఫోన్లో ఎవరో ఆడమనిషి అని తెలిసింది. నువ్వని తెలియలేదు. తెలియనందుకు భయమేసి పెట్టేశాను.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. చెబితే నువ్వు ఏ ఆచారాన్నైనా తోసుకుని వచ్చేదానివి. జాలితో. నాకు నువ్వు సరదాగా రావాలని ఉండేది, హాస్టల్లో అనుకున్నప్పటిలా. ఆ గర్వమే కొంప ముంచింది. పోయిన జనవరిలో వెళ్ళి ఉంటే, ఒక్క పై మెట్లు తప్ప, నా వీణ నేను వినేదాన్ని. ఇది నిన్ను అనడం లేదు. నువ్వొక సంగతి దాచి ఆలస్యం చేశావు, నేనొకటి దాచి ఆలస్యం చేశాను.

వేణి

*

కొత్తపేట,
3 జనవరి 2000.

వేణీ,

ఫిబ్రవరి రెండో వారానికి టిక్కెట్లు తీయించాను. తిరుపతి లేదు. సూటిగా తంజావూరు. కిటికీ పక్క సీటు నీకు.

నీ ఉత్తరం చదివి తిన్నగా వంటింట్లోకి వెళ్ళాను. అత్తయ్యగారు కందిపప్పులో నీళ్ళు పోస్తున్నారు. "అత్తయ్యగారూ, ఆ తిరుపతి మొక్కు..." అన్నాను. మిగతాది రాలేదు. ఆవిడ చెంబు కింద పెట్టేరు.

"మొక్కుకోలేదు. అంతేనా?" అన్నారు.

నేను తలూపాను.

"నాకప్పుడే తెలుసమ్మా. అబ్బాయికి కామెర్లు వచ్చినప్పుడు నేను ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరికీ మొక్కేను. నువ్వు మంచం పక్కన కూర్చుని డాక్టరు చెప్పినవన్నీ రాసుకున్నావు. నువ్వు మొక్కే మనిషివి కాదు. ఎక్కడికో వెళ్ళాలని మనసైంది, చెప్పుకోలేక స్వామి పేరు చెప్పింది, పోనీలే అనుకున్నాను."

"మరి పెదమావయ్యగారు పోయినప్పుడు..."

"నువ్వే ఆగిపోయేవు. నేను ఆగమన్నానా? మొక్కు మాట నేనెత్తితే అప్పుడైనా నోరు విప్పుతావేమోనని చూసేను. నువ్వు 'అలాగేనండి' అన్నావు. ఏడాదిపాటు అలాగేనండి అన్నావు. సరదాకి వెళ్తానని నా మొహాన ఒక్కసారంటే నేను కాదందునా?"

అనేవారో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగి ఉంటే తెలిసేది. అడగకుండానే ఆవిడ జవాబు కూడా నేనే చెప్పేసుకున్నాను. నా చదువంతా అందుకే పనికొచ్చింది.

తర్వాత నీ చెవుల సంగతి చెప్పాను. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఆ పడవలోళ్ళ పిల్లేనా? మీ పెళ్ళికి వచ్చి వాయించింది? అయ్యో" అన్నారు. చెంబు మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ, "ఇంకా ఇక్కడ నిలబడ్డావేం? సత్తిబాబుని పిలు" అన్నారు.

జాలితో రావడం లేదే. ఎందుకు వస్తున్నానో నాకే సరిగ్గా తెలియదు. వస్తున్నాను.

సత్య

*

కొత్తపేట,
12 మార్చి 2000.

వేణీ,

ఇద్దరం కలిసి చూసొచ్చిన ఊరి గురించి మళ్ళీ నీకే ఉత్తరం రాయడం వింతగా ఉంటుంది. కానీ సగం ఊరు నేనొక్కదాన్నే విన్నాను. అది నీకు బాకీ ఉన్నాను.

పెద్ద గుడిలో పావురాలు లేచినప్పుడు నువ్వు తల ఎత్తి చూశావు. ఆ చప్పుడు తడిబట్టలు ఒక్కసారిగా దులిపినట్టుంది. కోటలో తాటాకు పుస్తకం చూపించిన ఆయన మన తెలుగు మాటలు అరవ యాసలో చదువుతుంటే నేను నవ్వాను, నువ్వు నన్ను చూసి నవ్వావు. తిరువయ్యారులో కావేరి ఇసుకమేట అయిపోయి, మధ్యలో ఒక పాయ మాత్రం పారుతోంది. దానికి చప్పుడే లేదు. అక్కడ మాత్రం ఇద్దరం సమానం. సగం ఇసుకేనా అని నేను ఉసూరుమంటే నువ్వు నా మొహం చూసి, "మన కాలువలూ వేసవిలో కట్టేస్తారుగా" అన్నావు. తిరుగు ప్రయాణంలో గూడూరులో, కొండకి వెళ్ళే బండి పక్క ప్లాట్‌ఫారం మీద ఉంది. నువ్వు నిద్రపోతున్నావు. నేను దానికి దండం పెట్టాను. ఎందుకో అడక్కు.

ఇప్పుడు వీణ. అది రాయడానికే ఇదంతా.

మెట్లు పెట్టిన ఆ కుర్రాడు చేతిపని తెలిసినవాడే, కానీ ఆ రోజు సాయంత్రం వాళ్ళింట్లో ఏదో పెళ్ళి. ఇస్త్రీ చొక్కా మేకుకి వేలాడుతోంది. మాటిమాటికీ గడియారం చూస్తున్నాడు. నల్లమైనం వత్తి, మెట్టు పెట్టి, తీగ మీటి, "సరియా?" అని నన్నడిగేవాడు. నువ్వు వీణ కుండకి దవడ ఆనించి కళ్ళు మూసుకుని కూర్చున్నావు. కింది మెట్లన్నీ చక్కగా కుదిరాయి. నేను రెండు మూడుచోట్ల చెయ్యి ఊపితే అతను విసుక్కుంటూనే సర్దాడు. పైకి వెళ్ళాక, చివరి నుంచి మూడోది, వెంట్రుకవాసి తగ్గి పలికింది. "సరియా?" అన్నాడు. నేను "ఆయ్, బావుందండి" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. అప్పటికే చాలాసార్లు కాదన్నానని మొహమాటం. అతని పెళ్ళి చొక్కా. నీ మొహం మీద ఆ ప్రశాంతత. ఎలాగూ ఆ మెట్టు నీకు వినపడదు కదా అన్న ఆలోచన కూడా వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. ఇంటికి వచ్చాక రోజూ అదే పలుకుతోంది చెవిలో. కొన్నాళ్ళు, అసలు తప్పు పలకలేదేమో, నాదే అనుమానపు బుద్ధి అనుకున్నాను. కాదు. తప్పే. నన్ను తీసుకెళ్ళింది ఆ ఒక్క పనికి. అక్కడా "అలాగేనండి" అనే వచ్చాను.

సత్య

*

బరంపురం,
1 ఏప్రిల్ 2000.

సత్యా,

నాకు తెలుసు.

కళ్ళు మూసుకున్నాననుకున్నావా? రెప్పల సందులోంచి నీ కనుబొమ్మనే చూస్తున్నాను. నిన్ను తీసుకెళ్ళింది నీ నోటి కోసం కాదే. చివరి నుంచి మూడో మెట్టు దగ్గర అది ముడిపడింది, ఇరవై ఏళ్ళనాటిలాగే. ఆ వెంటనే నీ నోరు ఇంకేదో అంది.

నేను ఆ క్షణంలోనే "మళ్ళీ పెట్టు" అని ఉంటే అతను పెట్టేవాడు. అనలేదు. నిన్ను పరాయివాడి ముందు తప్పుపట్టడం ఇష్టం లేక. నువ్వు మర్యాదకి సరే అన్నావు, నేను మర్యాదకి ఊరుకున్నాను. గోదావరివాళ్ళం కదా, మన మర్యాదే మన ప్రాణానికి వచ్చింది.

మంద్రం తీగ కూడా పోయింది. పోయిన వారం. దవడ ఆనిస్తే ఎక్కడో దూరంగా పడవ ఇంజను కదిలినట్టు ఉంటుంది, అంతే. అయినా రోజూ వాయిస్తున్నాను. వేళ్ళకి గుర్తుంది.

ఆ మెట్టుని మాత్రం నీ ఉత్తరం రాకముందే ఊడదీశాను. తప్పు పలికే మెట్టు నాకు వినపడకపోయినా నా వీణ మీద ఉండకూడదు. ఆ చోటు ఖాళీగా ఉంది. మైనం వేడిచేసి పెట్టడం నాకు వచ్చు. ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళు కావాలి. నువ్వు మాట్లాడక్కర్లేదు. ఎదురుగా కూర్చుని ఏదైనా పుస్తకం చదువుకో. నేను నీ మొహం చూసి సర్దుకుంటాను.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. మీ ఇంటిపేరువాళ్ళు ఎవరున్నా, ఎవరు పోయినా రా. ఈసారి ఏ దేవుడి పేరూ చెప్పకు. ఊరికే రా.

నీ
వేణి